ఈ ఒక్కసారికి ఏమైతది?

శోధన కొమ్ములు పెట్టుకొని రాదు. "ఈ ఒక్కసారికి ఏమైతది?" అని మెల్లగా చెవిలో చెప్తది.

ఆశకు హద్దు ఉండదు. హైదరాబాదు పాతబస్తీలోని ఫలక్‌నుమా మహలును చూడండి. కొండమీద దాన్ని 1884లో మొదలుపెట్టినవాడు వికారుల్ ఉమ్రా అనే నవాబు. అంత ధనవంతుడు కూడా ఆ ఖర్చుకు అప్పులపాలయ్యాడంటారు. చివరకు మహలు నిజాం చేతికి పోయింది.

మనకు మహళ్లు లేవు. పక్కవాడి పెట్టెలో సబ్బు ఉంది. పరీక్షలో ముందువాడి కాగితం కనబడుతుంది. ఆ సబ్బు వాడు నెలంతా వాడుకోవలసినది. అది తీసుకొని ఆదివారం ప్రార్థనలో వాడి పక్కనే ఎట్లా మోకరిస్తాం?

బైబిలులోని యోసేపు సంగతి మనకు తెలుసు. యజమాని భార్య పట్టుకుంటే పైవస్త్రం వదిలేసి బయటికి పారిపోయాడు. తప్పు చేయకున్నా జైలుకు పోయాడు. అయినా దేవుడు అతన్ని విడువలేదు.

కావున శోధనతో మాట కలపవద్దు. అక్కడినుంచి లేచిపోవాలె. అది పిరికితనం కాదు. సబ్బు అయిపోతే అడుగుదాం. అడిగితే ఒక్క నిమిషమే సిగ్గు. దొంగిలిస్తే ఆ పెట్టెను చూసినప్పుడల్లా సిగ్గే.