ఆటల పీరియడే కంటికి మందు

భద్రాచలంలో నాది కళ్లద్దాల కొట్టు. చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు నుంచే కాదు, పక్క రాష్ట్రంలోని చింతూరు నుంచి కూడా జనం వస్తారు. ఒకప్పుడు వచ్చేవాళ్లలో ఎక్కువమంది నలభై దాటినవాళ్లే. కట్టకు 50 చొప్పున తునికాకు లెక్కపెట్టాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా చత్వారం అద్దాలు కావాలి మరి. ఇప్పుడు అమ్మానాన్నల వెంట పిల్లలొస్తున్నారు. బోర్డు మీద అక్షరాలు ఆనడం లేదంటారు. చూస్తే మైనస్ పవర్.

వెంటనే తల్లిదండ్రుల మాట: "ఫోన్ వెలుతురు తగలకుండా బ్లూ కట్ అద్దం వెయ్యండి." వేస్తే నాకు నాలుగు డబ్బులు మిగులుతాయి. కానీ మామూలు అద్దాల కన్నా వాటివల్ల కంటి అలసట తగ్గకపోవచ్చని, అందుబాటులో ఉన్న పరిశోధనలను వడగట్టి 2023లోనే కోక్రేన్ సంస్థ తేల్చింది. నీలి వెలుగు కన్నా మనం ఫోన్ చూసే తీరే కంటికి చేటు. తెర మీద చూపు నిలిపితే రెప్ప వేయడం తగ్గుతుంది, కన్ను పొడిబారుతుంది. జానెడు దూరంలో గంటల తరబడి చూస్తే లోపలి కండరం అలిసిపోతుంది. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతలికి 20 సెకన్లు చూడమని డాక్టర్లు చెప్పేది అందుకే.

అది అలసటకు. పిల్లల కంటికి మైనస్ రాకుండా కాసేది పగటి వెలుగు. అది సోకితే రెటీనాలో డోపమైన్ ఊరి, కనుగుడ్డు మరీ పొడవు సాగకుండా ఆపుతుందని పరిశోధకుల అంచనా. తరగతి గదిలో వెలుతురు కొన్ని వందల లక్సులైతే, బయట చెట్టు నీడలోనే వేలల్లో ఉంటుంది. తైవాన్ 2010 నుంచి బడి పిల్లల్ని రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉంచే పని పెట్టుకుంది. 2011లో 50 శాతానికి చేరిన చూపు మందగించిన పిల్లల వాటా 2015 నాటికి 46.1 శాతానికి దిగింది.

మన దగ్గర నడుస్తున్నది దీనికి తలకిందులు. కరోనాతో బడులు మూతపడి, 2020 సెప్టెంబరులో టీ-శాట్, యాదగిరి టీవీ చానళ్లలో పాఠాలు మొదలైనప్పుడు చదువు తెర మీదికెక్కింది. బడులు తెరిచాక కూడా ఫోన్ పిల్లల చేయి వదల్లేదు. పరీక్షలు దగ్గరపడితే మొదట పోయేది ఆటల పీరియడే. చుట్టూ అడవి ఉండి కూడా హాస్టల్ పిల్లలు ట్యూబులైటు కింద స్టడీ అవర్లో కూచుంటారు.

రాష్ట్ర ప్రభుత్వ ఉచిత కంటి పరీక్షల పథకం కంటి వెలుగు రెండో విడత 2023 జనవరి 18న మన ఖమ్మంలోనే మొదలైంది. నా బేరం కాస్త తగ్గినా, పెద్దలకు ఉచితంగా అద్దాలు అందాయి, మంచిదే. అయితే మామూలు అద్దం తగ్గిన చూపును సరిదిద్దుతుందే తప్ప తగ్గకుండా ఆపదు.

"మా ఎండలకు పిల్లల్ని బయటికెలా పంపమంటారు?" అని అడుగుతారేమో. నడినెత్తి ఎండ అక్కర్లేదు. ఉదయం గంట, సాయంత్రం గంట, వేపచెట్టు నీడైనా చాలు.

గిరిజనాభివృద్ధి చూసే ఐటీడీఏకీ విద్యాశాఖకూ నా విన్నపం: ఆశ్రమ పాఠశాల టైంటేబుల్లో ఆటల పీరియడ్‌ను ఎవరూ మింగకుండా చూడండి. పిల్లల ఆరోగ్య పరీక్షలకు బడికొచ్చే ఆర్‌బీఎస్‌కే బృందాలతో ప్రతి బిడ్డ కళ్లూ ఏటా చూపించండి. అమ్మానాన్నలకు ఒక్కటే మాట: బ్లూ కట్‌కు పెట్టే డబ్బుతో బంతి కొనివ్వండి.