డబ్బులడగని ఆటలు

ఈ సంచిక నిండా ఆటలే. పైసా ఖర్చు లేదు, డౌన్‌లోడ్ గొడవ లేదు. బ్రౌజర్ తెరిస్తే చాలు. ముందు 2013 నాటి ‘ఎ డార్క్ రూమ్’ ఆడి చూడండి. బొమ్మల్లేవు, అన్నీ అక్షరాలే. చీకటి గది, నిప్పు రాజేయడానికి ఒకే బటన్. మంట అందుకున్నాక చిరిగిన బట్టలతో ఎవరో తూలుతూ వచ్చి మూలన కూలబడతారు. మిగతాది చెప్పను, మీ సరదా చెడగొట్టినట్టవుతుంది.

ఫ్రాంక్ లాంట్జ్ చేసిన ‘యూనివర్సల్ పేపర్‌క్లిప్స్’లో పని క్లిప్పులు తయారు చేయడమే. వినడానికి విసుగే గానీ అర్ధరాత్రి దాకా లేవనివ్వదు. ‘2048’ను గేబ్రియేలె చిరుల్లి 2014లో ఓపెన్‌సోర్స్‌గా వదిలాడు, దాని నకళ్లకు లెక్కే లేదు, వాటిలో ప్రకటనల మోత ఒకటి. అసలుదే ఆడండి.

పిల్లలున్న ఇళ్లకు ఒక మనవి: పరీక్షలయ్యాకే ఈ సంచిక వాళ్ల చేతికివ్వండి.