రాకాసిగుళ్ళను చూడబోవువారికి

కలిగిరి, వింజమూరు ప్రాంతములనుండి ఉదయగిరి దుర్గమును చూడబోవు విద్యావంతులు, 1514లో కృష్ణదేవరాయలు దానిని గజపతులనుండి గైకొనిన వృత్తాంతమును ఉత్సాహముతో చెప్పుకొందురు. చెప్పుకొనవలసినదే. కాని ఆ ముట్టడికి రెండువేల యేండ్లకు పూర్వమే తెలుగునేలపై మనుష్యులు తమ మృతులకొఱకు గండశిలలను దొర్లించి, పలకలను నిలిపి, ఇండ్లవంటి సమాధులను కట్టిరనియు, వానిలో పెక్కులు నేటికిని పొలముల నడుమ నిలిచియున్నవనియు ఎఱిగినవారు మనలో ఎందఱు? చుట్టును గుండ్ల వలయము, నడుమ రాతిపలకల గది, పైన మూతబండ, కొన్నిటికి ఒక పలకయందు గుండ్రని రంధ్రము. పల్లెజనులు వీనిని రాకాసిగుళ్ళనియు పాండవగుళ్ళనియు పిలుతురు.

ఈ పేరు విని నవ్వు పట్టణవాసులు కలరు. మాకు నవ్వు రాదు. అంత బండను మనుష్యుడు కదల్పజాలడని తోచినవాడు రాకాసిని తలచుటలో వింత యేమి? 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో ఒక సమాధిని త్రవ్వినపుడు, సుమారు 40 టన్నుల మూతబండను తీయుటకు క్రేనును రప్పింపవలసి వచ్చెను. యంత్రమే లేని కాలమున దానిని పైకెక్కించినవారు రాక్షసులు కారు, మనవంటి మనుష్యులే. వారి గోరీలలో నలుపు ఎఱుపు కుండలు, ఇనుప కొడవండ్లు, బాణపు ములుకులు, పూసలు దొరకుచున్నవి. పెక్కుచోట్ల శవమును మొదట వేఱొకతావున నుంచి, పిదప ఎముకలను ఏరి తెచ్చి యిచట నుంచిరి. ఒక్కొక్క గదిలో పలువురి ఎముకలు కలసియుండుటయు కలదు. చనిపోయినవారిని ఇంత శ్రమకోర్చి మన్నించిన జనులను రాకాసులనుట మనకు మర్యాద కాదు.

అయినను ఆ పేరు ఒక గొప్ప యుపకారము చేసినది. రాకాసి యన్న భయముచేతనే కాపు నాగలిని ప్రక్కకు మరల్చెను, పసులకాపరి ఆ గదిలో దూరలేదు. నారాయణపేట జిల్లాలో కృష్ణయొడ్డున ముడుమాలు గ్రామమున సుమారు 80 పెద్ద నిలువురాళ్ళు కలవు. అందొక శిలను గ్రామస్థులు ఎల్లమ్మయని కొలుతురు. 2025లో యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో ముడుమాలు పేరు చేరినది. ఆ గౌరవము రాకమునుపు శిలలను కాచినది ఆ గ్రామీణుల భయభక్తులే యని మా యభిప్రాయము.

నేడు ఆ భయము సన్నగిల్లినది. దాని స్థానమున జ్ఞానము రావలసియుండెను, రాలేదు. ఈ నడిమి వ్యవధిలో పొక్లెయిను వచ్చినది! చేను చదును చేయువారికి గుండ్ల వలయము అడ్డు, కంకర కొట్టువారికి అది సిద్ధముగ నున్న సరకు. నిధికై రాత్రులందు త్రవ్వువారి సంగతి చెప్పనేల? వారికి తఱచు చిక్కునది పగిలిన కుండయు త్రుప్పుపట్టిన యినుమును మాత్రమే. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము భూమిలో దొరకిన పది రూపాయలకు మించిన విలువగల వస్తువును కలెక్టరునకు తెలుపవలెను. ఆ చట్టము పేరైనను వారు వినియుండరు.

మూఢవిశ్వాసమును పోగొట్టితిమని సంతసించు మన చదువరులపైననే ఈ లోటును పూరించు భారము కలదు. 1876లో జర్మను దేశస్థుడు జాగోరు తిరునెల్వేలి సీమలోని ఆదిచ్చనల్లూరును త్రవ్వి, అచటి వస్తువులను బెర్లినునకు గొనిపోయెను. పరాయివాడు గొనిపోయెనని మనము కినియుదుము. మనవారే కంకరగా కొట్టినచో ఎవరిపై కినియుదుము? 1905లో బట్టర్‌వర్తు, వేణుగోపాలశెట్టి గార్లు నెల్లూరు జిల్లా శాసనములను మూడు సంపుటములుగ ప్రకటించిరి. వ్రాతగల రాతికి ఆ భాగ్యము కలిగినది. వ్రాతలేని రాతిని పలుకరించువారు అరుదు. నాగార్జునసాగరపు నీరు రాకమునుపు 1954 మొదలు 1960 వఱకు నాగార్జునకొండ లోయను త్రవ్వినపుడు, బౌద్ధవిహారములతోబాటు ఈ శిలాసమాధులను గూడ పరీక్షించి వ్రాసియుంచిరి. మునకభయముచేతనైనను అది జరిగినది.

మన మెట్టపొలములలో నిలువురాయి గాని గుండ్ల వలయము గాని కనబడినచో, చూడబోయిన యువకులు పుస్తకమును పెన్సిలును గొనిపోవలయును. వలయము ఎన్ని యడుగుల వెడల్పు, గుండ్లెన్ని, రంధ్రము ఏ దిక్కున నున్నది, సర్వే నెంబరేది, వృద్ధులు దానిని ఏమని పిలుతురు అను నివి వ్రాసికొని, ఒక ప్రతిని ఊరి పఠనాలయమునను, ఒకదానిని తహసీలుదారు కచేరీలోను, ఒకదానిని పురావస్తుశాఖకును ఇయ్యవలయును. పొలము కాపుతో ముందుగ మాటలాడుట మఱవరాదు. భూమి అతనిది, వాని యనుమతి లేనిదే అడుగిడుట తప్పు. మూతబండను కదల్చుట, కుండపెంకును జేబులో వేసికొనుట బొత్తిగా పనికిరాదు. లోని మట్టి ఒక్కసారి కలగినచో, ఏ యెముక ఏ కుండప్రక్క నుండెనో పిమ్మట త్రవ్వువారికి తెలియు మార్గము లేదు.