అప్పు తెచ్చిన పండుగలో ఆనందమెక్కడ?

క్రిస్మసు దగ్గర పడుచున్నది. గోదావరి, మంజీర, హరిద్ర అను మూడు నదులు కలిసికొను కందకుర్తి మొదలుకొని బోధను, నిజామాబాదు వరకు గల మన పల్లె సంఘములలో ఇండ్లమీద నక్షత్రములు కట్టుచున్నారు, పిల్లలు పాటలు నేర్చుకొనుచున్నారు. ఇది మంచిదే. అయితే ఈ దినములలోనే మరియొక పని కూడ జరుగుచున్నది. దానినిగూర్చి ఎవరును గుడిలో మాటలాడరు. చీకటి పడిన పిమ్మట ఇంటి యజమాని మిత్తికి సొమ్ము అడుగబోవుచున్నాడు. ఇల్లాలు పొదుపు సంఘములో లోను కొరకు పేరు వ్రాయించుకొనుచున్నది. బట్టల దుకాణములో ఖాతా పెరుగుచున్నది. జనవరి వచ్చునప్పటికి ఇంటిమీది నక్షత్రము దిగును గాని నెత్తిమీది మిత్తి దిగదు.

మీరు కోపగించుకొనకుడి, తిన్నగా అడుగుచున్నాను. ఇట్టి పండుగను మన ప్రభువు ఎప్పుడు అడిగెను?

"సంవత్సరమునకు ఒక్కనాడు కదా! పిల్లలు సంతోషింపవలదా? నలుగురిలో తల యెత్తుకొనవలదా?" అని మీరందురు. పిల్లల సంతోషమును నేను కాదనను. అయితే ఆ "నలుగురు" ఎవరు? మన పండుగకు యజమాని బేత్లెహేములో పుట్టిన ప్రభువా, మన వీధిలోని నలుగురా? నలుగురి కన్నులకు వెరచి చేయు పండుగలో భయము ఉండును గాని ఆనందము ఉండదు.

లూకా సువార్త రెండవ అధ్యాయమును మనము ప్రతి సంవత్సరము చదువుదుము. దూతల పాట వరకు చదివి, గొల్లలు తిరిగి వెళ్లిన తరువాత పుస్తకము మూసివేయుదుము. ఇంకను కొంచెము ముందుకు చదువుడి. శుద్ధి దినములు గడచిన పిమ్మట యోసేపు మరియలు శిశువును యెరూషలేము దేవాలయమునకు తీసికొనిపోయిరి. లేవీయకాండము పండ్రెండవ అధ్యాయము ప్రకారము తల్లి ఒక గొఱ్ఱెపిల్లను తేవలెను. గొఱ్ఱెపిల్లను తెచ్చు శక్తి లేనియెడల రెండు గువ్వలైనను రెండు పావురపు పిల్లలైనను చాలును. మరియమ్మ అర్పణనుగూర్చి లూకా చెప్పునది ఆ పక్షులనుగూర్చియే. ఎవరి జన్మమునకు ఆకాశము పాడెనో, ఆయన తలిదండ్రులు బీదల కానుకను చేతపట్టుకొని దేవుని సన్నిధికి వచ్చిరి. అందుకు వారు సిగ్గుపడినట్టు ఎక్కడను వ్రాయబడలేదు. ప్రభువు తల్లికి చాలిన గువ్వలు మనకు చాలకపోయెనా? పావురములు తెచ్చిన యింటివారి పేరట మనము అప్పు చేసి గొఱ్ఱెలు కోయుచున్నాము!

ఇక గుడి సంగతి చూడుడి. ప్రాంగణము ముందు పెద్ద ఫ్లెక్సీ. దానిలో పెద్దల ముఖములు పది. శిశువును వెదకి చూచిన యెడల ఒక మూలలో కనబడును. సత్రములో ఆయనకు స్థలము దొరకలేదని కన్నీటితో ప్రసంగించు మనము ఫ్లెక్సీలో కూడ ఆయనకు స్థలము లేకుండ చేసితిమి. ఆరాధనలో కానుకల జాబితా చదువుదురు. ఫలానావారు ఇంత, ఫలానావారు అంత. వెనుక వరుసలో బీడీలు చుట్టి బ్రదుకు విధవరాలు తన పది రూపాయల పేరు చదువకుండిన బాగుండునని తల వంచుకొని కూర్చుండును. ప్రభువు కానుకపెట్టె యెదుట కూర్చుండినప్పుడు రెండు కాసులు వేసిన స్త్రీని మెచ్చుకొనెను. మన జాబితాయో ఆమెను చివర నిలుపుచున్నది. సహోదరులారా, ఆ జాబితాను ఈ సంవత్సరము చదువక విడిచిపెట్టుడి. ఇచ్చినవాని పేరు దేవునికి తెలియును.

మరికొందరు, "ఇచ్చుట ఉన్నవారి పని. మాకు మంచి దినములు వచ్చినప్పుడు మేమును ఇత్తుము, అప్పుడు ఆనందింతుము" అందురు. మంచి దినముల కొరకు కనిపెట్టిన యెడల మన ప్రాంతములో ఏ మంచి పనియు జరిగి యుండదు. మెదకు దేవాలయమును చూడుడి. 1914లో పని ప్రారంభమైనప్పుడు లోకమంతట యుద్ధము, ఇచ్చట కరవు. చార్లెసు వాకర్ పోస్నెట్ దొరగారు ఆకలితో వచ్చిన జనులకు పని చూపి, పనికి అన్నము పెట్టించిరి. ఆ దేవాలయము 1924 డిసెంబరు 25న, క్రిస్మసునాడు, ప్రతిష్ఠింపబడెను. "అంత గొప్ప కట్టడము కట్టలేదా, మేము అలంకరించుకొనిన తప్పేమి?" అని అడిగెదరా? ఆ రాళ్లు ఆకలిగొన్నవారి నోటికి అన్నము తెచ్చెను. మన సౌండు బాక్సుల అద్దె ఎవరి ఆకలి తీర్చుచున్నది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి ఆ మీదట అలంకరించుకొనుడి.

నిజామాబాదునకు సమీపమున డిచ్‌పల్లి ఉన్నది. కుష్ఠరోగిని ఊరివారు పొలిమేర దాటించి, సొంతవారే మరచిపోయిన కాలములో, స్కాట్లండు దేశపు వైద్యురాలు ఇసబెల్ కెర్ అమ్మగారును ఆమె భర్త జార్జి కెర్ గారును 1915లో అచ్చట కుష్ఠరోగుల చికిత్సాలయమును నెలకొల్పిరి. ఆ పనికి చేయూతనిచ్చిన దాత ఎవరో మీకు తెలియునా? రాజా నర్సాగౌడు గారు, హైందవులు. ఆయన ఈ రోగులు ఏ మతమువారని అడుగుచు కూర్చుండలేదు. మనమో, క్రిస్మసు అరిసెల పళ్లెమును తిరిగి పళ్లెము పంపగల యింటికే పంపుచున్నాము. ఇది దానము కాదు, బదులు. తిరిగి పిలువలేని బీదలను, అంగహీనులను విందుకు పిలువుమని ప్రభువు లూకా పదునాలుగవ అధ్యాయములో చెప్పిన మాట మన యింటి గుమ్మము ఎందుకు దాటలేదు?

ఇప్పుడు బోధను సంగతి చెప్పెదను, ఇది మనలో అనేకుల యింటి గాయము. 1931లో నిజాంసాగరు పూర్తి అయిన పిమ్మట ఆ నీటితో చెరకు పెరిగెను. 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. డిసెంబరు మాసమనగా క్రషింగు కాలము, బండ్ల కాలము, కూలి దొరకు కాలము. 2002లో ఆ కర్మాగారపు పెద్ద వాటా ప్రైవేటువారి చేతికి పోయెను. 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటించిరి. క్రిస్మసుకు రెండు దినములే మిగిలి యుండెను. ఆలోచింపుడి. ఆ రాత్రి ఆ కార్మికుని గుమ్మములో నిలిచి మనము ఏ శుభవార్త చెప్పగలము? మన ఆనందము క్రొత్త బట్టలోను బిర్యానిలోను ఉన్నయెడల ఆ యింటికి మనయొద్ద వార్తయే లేదు. మన పాటల బృందము కవరు ఇచ్చు ఇండ్లకు ముందు వెళ్లి ఆ యింటిని దాటిపోవును. అయితే చోటు దొరకనివారి మధ్యకు దేవుడే వచ్చెనన్నది మన వార్తయైన యెడల, మొదట వినవలసినది ఆ యిల్లే. పాటతోకూడ బియ్యపు సంచియు ఆ గుమ్మము ఎక్కవలెను.

ఒక మాట జాగ్రత్తగా వినుడి. కూలి బాకీ పడిన పనివానితో "స్తోత్రము చెప్పుకొని ఊరకుండుము" అనుట కృతజ్ఞతను బోధించుట కాదు. బిగబట్టిన కూలి దేవునికి మొఱ్ఱపెట్టునని యాకోబు తన పత్రిక ఐదవ అధ్యాయములో ధనవంతులను హెచ్చరించెను. కృతజ్ఞత అన్యాయమునకు ముసుగు కాదు. అది లేనిదానిని లేదని ఒప్పుకొనును, ఉన్నదానిని దేవుడిచ్చెనని గుర్తించును. అట్లు గుర్తించినవాని పిడికిలి తానే సడలును. మకెదొనియ సంఘములను చూడుడి. వారు నిరుపేదలు, శ్రమలలో ఉన్నవారు. అయినను యెరూషలేము పరిశుద్ధుల కొరకు సంతోషముతో, తమ శక్తికి మించి ఇచ్చిరని పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో చెప్పుచున్నాడు.

కావున ఈ క్రిస్మసుకు మూడు పనులు చేయుడి. మొదటిది, పండుగకు మిత్తి సొమ్ము తేకుడి. ఉతికిన బట్టతో గుడికి వచ్చినవారిని సంఘపు పెద్దలే ముందు వరుసలో కూర్చుండబెట్టుడి, అప్పుడు అప్పు చేయవలసిన అగత్యము తగ్గును. రెండవది, డిసెంబరు నెలలో ప్రతి రాత్రి ఇంటిల్లిపాది కూర్చుండి ఆ దినము దేవుడు చేసిన ఒక్క మేలును పేరు పెట్టి చెప్పుకొనుడి. పొలములో వరి నిలిచినది, జ్వరము తగ్గినది, గల్ఫులోనున్న కుమారుడు ఫోను చేసినాడు, ఇట్లు చెప్పుకొనుడి. మూడవది, మన అమ్మలు వంటకు ముందు పిడికెడు బియ్యము ప్రభువు కొరకు తీసిపెట్టు వాడుకను మరల లేపుడి. ఆ బియ్యమును పండుగ ముందటి రాత్రి, ఏమియు సిద్ధపరచుకొనలేని యింటికి, ఏ మతమువారిదైనను, పేరు చెప్పక చేర్చుడి.

"మా పిడికెడు ఎంత?" అనకుడి. కందకుర్తికి పోయి చూడుడి. గోదావరి మహానది. మంజీర నిజాంసాగరును నింపిన నది. వాటి ప్రక్కన హరిద్ర చిన్నది. అయినను ఆ చోటును ఎవరును రెండు నదుల సంగమమని పిలువరు, త్రివేణి అనియే పిలుతురు. చిన్నది కూడ వచ్చి కలిసెను గనుకనే ఆ పేరు నిలిచెను. మీ పిడికెడును అట్లే లెక్కకు వచ్చును.

అప్పు లేని చేతులతో, లెక్కించుకొనిన మేలులతో, పొరుగువాని గుమ్మము త్రొక్కిన పాదములతో ఈ పండుగలోనికి ప్రవేశించు కృప ప్రభువు మీ యింటికిని మీ సంఘమునకును దయచేయును గాక. ఆమేన్.