8000 హెర్ట్జ్ మౌస్ బాన్సువాడలో ఏం చేస్తది?

పోయిన వారం మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, 8000 హెర్ట్జ్ మౌస్ ఆఫర్ల ఉంది. తీసుకోనా?" అన్నాడు. డిప్లొమా చదువుతున్నాడు, ఇంట్లో సెకండ్ హ్యాండ్ పీసీ ఉంది. యాసంగి వడ్లు అమ్మినంక బాబాయి 15 వేలు చేతిలో పెట్టి "నీ కంప్యూటర్‌కు ఏం కావాల్నో కొనుక్కో" అన్నాడట. అంత డబ్బు మళ్లీ ఎప్పుడొస్తుందో వాడికీ తెలీదు, నాకూ తెలీదు. అందుకే వెంటనే అవునని చెప్పలేకపోయా. ఆ రాత్రి కూర్చుని వేసిన లెక్క ఇది.

పోలింగ్ రేట్ అంటే మౌస్ తన కదలికని సెకనుకి ఎన్నిసార్లు పీసీకి చెబుతుందనే లెక్క. 125 హెర్ట్జ్ అయితే 8 మిల్లీసెకన్లకోసారి, 1000 అయితే 1 మిల్లీసెకనుకోసారి, 8000 అయితే 0.125కోసారి. అంటే 1000 నుంచి 8000కి వెళ్తే మనకి మిగిలేది ఒక మిల్లీసెకను కూడా కాదు. వాడి మానిటర్ 60 హెర్ట్జ్, కొత్త ఫ్రేమ్ వచ్చేదే దాదాపు 16.7 మిల్లీసెకన్లకోసారి. పైగా అంత పోలింగ్ రేట్ పెడితే పాత సీపీయూ మీద లోడ్ పెరుగుతుంది. 240 హెర్ట్జ్ మానిటర్ పెట్టుకుని టోర్నమెంట్లు ఆడేవాళ్ల సంగతి వేరు.

మా ఇంట్లో అసలు దెబ్బ కొట్టేది పింగ్. వైఫైలో ఆడుతుంటే, పక్క రూమ్‌లో ఎవరైనా యూట్యూబ్ పెట్టగానే పింగ్ 40 నుంచి 120కి ఎగురుతుంది. మిల్లీసెకను కోసం వేలు పోసి, ఇక్కడ 80 పోగొట్టుకోవడం ఏం తెలివి?

అందుకే వాడికి నేను చెప్పిన వరుస ఇది. మొదట రౌటర్ నుంచి పీసీకి ఒక క్యాట్ 6 కేబుల్. తర్వాత రౌటర్‌కి పెట్టే చిన్న 12 వోల్టుల యూపీఎస్, పీసీకి మామూలు యూపీఎస్. ర్యాంక్డ్ మ్యాచ్ మధ్యలో కరెంట్ పోతే ఏ మౌసూ కాపాడదు. కానీ ఒక మాట: కరెంట్ పోయినప్పుడు కేబుల్ ఆపరేటర్ వైపు కూడా బ్యాకప్ ఉందో లేదో ముందు అడగాలి. లేకపోతే మన రౌటర్ లైట్ వెలుగుతూనే ఉంటుంది, నెట్ మాత్రం రాదు.

ఆ తర్వాతే మౌస్. అదీ 1000 హెర్ట్జ్ వైర్డ్ మౌస్. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. ఒక ఖరీదైన వైర్‌లెస్ మౌస్ కొంటే ఎనిమిది నెలలకే ఒక్కసారి నొక్కితే రెండు క్లిక్‌లు పడటం మొదలైంది. వారంటీ కోసం కొరియర్ చేస్తే తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది. రెండోసారి అదే జబ్బు వచ్చినప్పుడు వారంటీ అయిపోయింది. బస్టాండ్ దగ్గర మొబైల్ రిపేర్ చేసే అన్న లోపలి స్విచ్ తీసేసి కొత్తది టంకం పెట్టాడు. ఇప్పటికీ నడుస్తోంది. కీబోర్డ్ కూడా అంతే. హాట్ స్వాప్ మెకానికల్ తీసుకుంటే ఒక కీ చచ్చినా ఆ ఒక్క స్విచ్‌నే పీకి మార్చుకోవచ్చు, టంకం కూడా అక్కర్లేదు. సర్వీస్ సెంటర్ లేని ఊళ్లో "ఇక్కడే రిపేర్ అవుతుందా?" అన్నదే అన్నిటికన్నా పెద్ద స్పెసిఫికేషన్.

మిగిలిన డబ్బుతో గేమ్ పాస్‌లు, స్కిన్‌లు కొంటానన్నాడు. అక్కడే గట్టిగా ఆపా.

పబ్‌జీ మొబైల్‌ని 2020 సెప్టెంబర్ 2న నిషేధించారు, అక్టోబర్ 30న ఇక్కడి వాళ్లకి సర్వర్లు ఆగిపోయాయి. 2021 జులైలో బీజీఎంఐ వచ్చేదాకా స్కిన్‌ల మీద డబ్బు పోసినవాళ్లు చూస్తూ కూర్చున్నారు. అదీ 2022 జులైలో స్టోర్ల నుంచి పోయి, 2023 మేలో తిరిగొచ్చింది. 2014లో వచ్చిన ద క్రూ గేమ్ సర్వర్లని యుబిసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది, డబ్బిచ్చి కొన్నవాళ్లు ఒంటరిగా కూడా ఆడలేకపోయారు. మీరు కొంటున్నది లైసెన్స్ మాత్రమే అని 2024 అక్టోబర్ నుంచి స్టీమ్ కూడా కార్ట్‌లోనే చెబుతోంది.

నాకు బాగా గుర్తుండేది స్టేడియా కథ. గూగుల్ ఆ క్లౌడ్ గేమింగ్ సర్వీస్‌ని 2023 జనవరి 18న మూసేసింది. కొన్నవాళ్లకి డబ్బు తిరిగిచ్చింది, కంట్రోలర్‌కి బ్లూటూత్ అప్‌డేట్ కూడా ఇచ్చింది. సర్వీస్ పోయింది, చేతిలోని వస్తువు మిగిలింది.

సబ్‌స్క్రిప్షన్లు అసలే వద్దని నేననను. సెలవుల్లో ఒక నెల తీసుకుని నాలుగు గేమ్‌లు ట్రై చేస్తే లాభమే. కానీ ముందు డౌన్‌లోడ్ లెక్క చూసుకోండి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కి 150 జీబీ కావాలి. 30 ఎంబీపీఎస్ లైన్ మీద దాదాపు 11 గంటలు. రోజుకి 1.5 జీబీ మొబైల్ ప్యాక్ మీద అయితే సరిగ్గా 100 రోజులు! మూడు నెలల పాస్ డౌన్‌లోడ్‌లోనే అయిపోతుంది. ఉంచుకోవాలనుకునే గేమ్ అయితే జీఓజీలో ఉందేమో చూడండి, అక్కడ ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ దాచుకోవచ్చు.

మావాడు కేబుల్, రెండు యూపీఎస్‌లు, వైర్డ్ మౌస్, హాట్ స్వాప్ కీబోర్డ్ తీసుకున్నాడు. లైట్లు వెలిగే మౌస్ ప్యాడ్ కూడా కొన్నాడు, నాకు చెప్పకుండా. మిగిలింది దాచుకున్నాడు. నిన్న మ్యాచ్ మధ్యలో కరెంట్ పోయిందట. "అన్నా, గెలవలే. కానీ మ్యాచ్ ఆగలే" అన్నాడు.