ఆ సిల్వర్ డబ్బాకి మూత పెట్టండి

ఏ మోడల్ విమానం కౌలింగ్‌లోకి తొంగి చూసినా అదే తంతు. ఇంజిన్ మొత్తానికీ ఒకటే సిల్వర్, దాని మీద పల్చటి నల్ల వాష్, ఆపైన డ్రైబ్రష్‌తో నాలుగు తళుకులు. రెక్క మీద రివెట్ల వరస ఒకటి తప్పిందని రాత్రంతా నిద్రపోని మహానుభావులు కూడా ఇంజిన్ దగ్గరికొచ్చేసరికి చేతులు దులిపేసుకుంటారు. పైగా అది అచ్చం లోహంలా ఉందట! ఏ లోహంలా?

ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800నే తీసుకుందాం. థండర్‌బోల్ట్, కోర్సేర్, హెల్‌క్యాట్ మూడూ ఎగిరింది దీనితోనే. రెండు వరసల్లో 18 సిలిండర్లు. సిలిండర్ బ్యారెల్ స్టీలు, దాని నెత్తిన బిగించిన హెడ్ అల్యూమినియం మిశ్రమం. ఈ రెండింటి తెలుపులో తేడా మామూలు కంటికే తెలుస్తుంది. ముందుకి పొడుచుకొచ్చిన గేర్ కేస్ చాలా ఇంజిన్లలో బూడిద రంగు పెయింటు. అక్కడ మెరుపన్నదే ఉండదు. ఇన్ని రకాల పదార్థాలు పక్కపక్కనే ఉన్న యంత్రాన్ని ఒకే సీసాలో ముంచి తీయడాన్ని బద్ధకం అంటారు, పనితనం అనరు. స్పిట్‌ఫైర్‌కి జరిగే అన్యాయం ఇంకా ఘోరం. 27 లీటర్ల మెర్లిన్ ఇంజిన్‌కి చాలావరకు నల్ల పెయింటే. దానికీ సిల్వరే కొడతారు!

సరే, లోహం కనిపించే చోటనే మాట్లాడుకుందాం. పెయింటులో లోహపు రేకు ఒక్కోటి 0.02 మిల్లీమీటర్లు ఉందనుకోండి. 1:72 స్కేల్లో అది దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు. అసలు ఇంజిన్ మీద ఎవరో చమ్కీలు చల్లినట్టన్నమాట. అందుకే రేకు ఎంత సన్నంగా ఉంటే అంత మంచిది. స్టీలుకైతే ముదురు బూడిద పూసి, ఆరాక పెన్సిల్ గ్రాఫైట్ పొడిని వేలితో రుద్దితే చాలు. ఖరీదైన సీసాలన్నీ దాని ముందు దిగదుడుపే. అంతా అయ్యాక దాని మీద మ్యాట్ వార్నిష్ కొట్టి మళ్లీ బూడిద చేసేవాళ్లకి మాత్రం నేనేం చెప్పలేను.

ఇక ఎగ్జాస్ట్ గొట్టాల మీద ఇంద్రధనస్సు పిచ్చి ఒకటి. వేడికి స్టీలు మీద ఆక్సైడ్ పొర పేరుకుంటుంది. పొర మందం పెరిగేకొద్దీ గడ్డి పసుపు, గోధుమ, ఊదా, నీలం, ఆ వరసలోనే రంగు మారుతుంది. వేడి తక్కువ తగిలిన చోట పసుపు, ఎక్కువ తగిలిన చోట నీలం. ఈ వరసని తలకిందులు చేసి, మోటార్ సైకిల్ సైలెన్సర్ మీది నీలాన్ని తెచ్చి రెండో ప్రపంచ యుద్ధపు విమానానికి పులుముతున్నారు. ఎక్కువ గంటలు తిరిగిన ఆ గొట్టాలు చాలావరకు తుప్పు గోధుమ రంగులో, సీసం కలిసిన పెట్రోలు వదిలిన లేత బూడిద మరకలతో ఉండేవి.

నూనె మరకలదీ అదే గోల. రేడియల్ ఇంజిన్ నూనె కారుస్తుంది, నిజమే. కానీ ఆగి ఉన్నప్పుడు నూనె కిందికే దిగుతుంది కదా. మడ్డంతా కింది సిలిండర్ల దగ్గర ఉండాలి. పై సిలిండర్లకీ అంతే నలుపు పట్టించారంటే ఆ విమానం తలకిందులుగా పార్క్ చేసిందై ఉండాలి!

కౌలింగ్ మూసేశాక ఎవరు చూడొచ్చారంటారు. అయితే సిల్వర్ కూడా దండగే, ప్లాస్టిక్‌ని అలాగే వదిలేయండి. ఇంతా చేస్తే కోర్సేర్‌ని ఎదురుగా నిలబడి చూసినప్పుడు, ప్రొపెల్లర్ వెనక మొదట కనబడేది మీరు వెండి పూత పూసిన ఆ బూడిద రంగు గేర్ కేసే.