జనమంటే గాభరా పడేవాళ్ళకు మన సభలో చోటు

ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

మన నెలవారీ ఉపన్యాసాలకు రావడం మానేసిన పాతవాళ్ళ మాట వచ్చినప్పుడల్లా "ఆసక్తి తగ్గిపోయింది" అని తేల్చేస్తున్నాం. లేదంటే "వయసైపోయింది" అంటాం. ఎవరూ నోరు విప్పి చెప్పని కారణం ఇంకొకటుంది. హాలు నిండుతుంటే కొందరికి గుండె దడదడలాడుతుంది, అరచేతులు తడుస్తాయి, ఊపిరి అందనట్టుంటుంది, ఎలాగైనా బయటపడితే చాలనిపిస్తుంది. తమిళంలో చెప్పినట్టే మన ఇళ్ళల్లోనూ దీన్ని 'పడపడప్పు' అంటాం. పుస్తకాల్లో 'ఆందోళన' అని రాస్తారు గానీ, ఆ మాట వింటే మనకు రాస్తారోకోలే గుర్తొస్తాయి.

రైల్వే కౌంటర్ల వెనక ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరైన గుమాస్తాలం మేము. మీకు జనమంటే భయమేమిటని అడుగుతారు. పొంగల్ ముందు, దీపావళి ముందు కౌంటరు అవతల ఇసక వేస్తే రాలనంత జనం ఉండేవాళ్ళు, నిజమే. కానీ ఆ జనానికీ మాకూ మధ్య ఊచలుండేవి, మా వీపు వెనక మా తలుపుండేది. ఉపన్యాసంలో నడిమి వరసలో ఇరుక్కుంటే అటు ఆరుగురి మోకాళ్ళు, ఇటు ఆరుగురి మోకాళ్ళు, తలుపెక్కడో కనబడదు. జనం యాభైమందే కావచ్చు. లేచి వెళ్ళే దారి లేదనిపిస్తే చాలు, దడ మొదలవుతుంది.

దీన్ని నవ్వి కొట్టిపారేయకండి. 2017లో ముంబయి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెన మెట్లమీద తొక్కిసలాటలో 23 మంది పోయారు. రైల్వేవాళ్ళం, అది మరిచిపోలేదు. 2025 సెప్టెంబరు 27న కరూరు సభలో 41 మంది పోయారు. కుర్చీల్లో కూర్చుని ఉపన్యాసం వినడానికీ, వాటికీ పోలిక లేదని బుద్ధికి తెలుసు. ఒంటికి ఆ లెక్క తెలియదు.

ఇంట్లో కూర్చుని యూట్యూబులో వినొచ్చు కదా అంటారు. మాలో చాలామందిమి తమిళ మీడియంలో చదివాం. ఉద్యోగంలో చేరాక కూడబలుక్కుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నవాళ్ళం కొందరం, ఆపాటి కూడా రానివాళ్ళు ఇంకెందరో. వాళ్ళకు పోతనైనా గురజాడైనా చెవిలోంచే రావాలి. ఇంట్లో మనవళ్ళతో తమిళమే. ఉపన్యాసం అయ్యాక కాఫీ దగ్గర "ఏం బావా, ఒళ్ళెలా ఉంది" అని నలుగురితో తెలుగులో మాట్లాడడం ఫోన్లో దొరకదు. నెలకొక్క సాయంత్రం, అదీ పోతే వాళ్ళకు తెలుగు వినబడే చోటే లేదు.

గాభరా ఉన్నవాళ్ళకు ముందు ఒక మాట. మొదటిసారి ఛాతీలో నొప్పో, చెమటో, ఆయాసమో వస్తే అది గాభరాయేనని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. అప్పటికప్పుడు 108కి ఫోన్ చేయించండి. మన వయసులో ముందు గుండెను డాక్టరు చూడాలి. అది బాగానే ఉందని తేలాక మిగతాది సాధన.

దడ రాగానే చాలామంది ఇంటికెళ్ళిపోతారు. వెంటనే హాయిగా ఉంటుంది, చిక్కంతా అక్కడే. పారిపోయాం కాబట్టే బతికాం అని మనసు నేర్చుకుంటుంది. మరుసటి నెల బస్టాపులోనే దడ మొదలవుతుంది, ఆపై నెల ఇంట్లో చొక్కా తొడుక్కుంటుండగానే. దడ ఎంత గట్టిగా వచ్చినా సాధారణంగా పది నిమిషాల్లో దాని పైస్థాయికి వెళ్ళి దిగడం మొదలుపెడుతుంది. అంచేత వరండాలోకి వచ్చి నిలబడండి, పీల్చినదానికంటే నెమ్మదిగా, పొడుగ్గా ఊపిరి వదలండి, తగ్గాక లోపలికి రండి. అరగంట ముందే వచ్చి చివరి వరసలో నడవ పక్క కుర్చీ పట్టుకుంటే ఇంకా మేలు. నిండిన హాల్లోకి దూరడం వేరు, మనం కూర్చున్నాక చుట్టూ నెమ్మదిగా నిండడం వేరు. మొదటి నెల పావుగంటే అనుకుంటే పావుగంటే ఉండండి, పైనెల అరగంట. అప్పటికీ లొంగకపోతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ ఉంది, నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తమిళం, తెలుగు రెండూ ఉన్నాయి.

ఇక నిర్వహించే మన సంగతి. మార్గళి కచేరీల్లో తని ఆవర్తనం మొదలవగానే సగం సభ క్యాంటీను వైపు నడుస్తుంది. మృదంగ విద్వాంసుడికి తప్ప ఎవరికీ బాధ లేదు. మన ఉపన్యాసంలో ఒక్కరు లేస్తే మైకులోంచే "ఏమండీ, అప్పుడే బయల్దేరారా?" అని పలకరింపు! చనువుకొద్దీ అన్నమాటే, కానీ హాలంతా తల తిప్పి చూస్తుంది. ఆ మనిషి మళ్ళీ రాడు. పెద్దవారని చేయిపట్టి ముందు వరసకు లాక్కెళ్ళి పొన్నాడై కప్పడమూ అలాంటిదే. చివర కూర్చుంటామన్నవాళ్ళను కూర్చోనివ్వండి.

ఏసీ చల్లదనం పోతుందని పక్క తలుపుకు గొళ్ళెం వేయడం, జనం ఎక్కువైతే నడవలో ప్లాస్టిక్ కుర్చీలు పరచడం మాత్రం మానాల్సిందే. నిప్పంటుకుంటే గాభరా లేనివాళ్ళు మాత్రం ఎటు పోతారు? ఇందులో మొహమాటం పనికిరాదు. సన్మానాలెంతసేపు, ఉపన్యాసమెప్పుడు, ముగింపెన్నింటికి అని ఆహ్వానంలో రాస్తే కూడా సగం బెంగ తీరుతుంది (ఆరింటికని వేసి ఏడింటికి మొదలుపెట్టే మన అలవాటూ బయటపడుతుంది లెండి).

వచ్చే నెల ఉపన్యాసానికి చివరి వరసలో తలుపు పక్క ఆరు కుర్చీలు వదిలిపెట్టమని కార్యదర్శిగారిని అడిగాం, సరేనన్నారు. పేరు రాయించుకోనక్కర్లేదు, కారణం చెప్పనక్కర్లేదు. మీ వీధిలో రావడం మానేసినవాళ్ళుంటే ఈ సంగతి చేరవేయండి. వాట్సాప్‌లో పంపితే లాభం లేదు, వాళ్ళలో సగంమందికి తెలుగు చదవడం రాదు. ఫోన్ చేసి చెప్పండి.